పాత వాచీల సంరక్షణ – 3వ పాఠం: కీ ఇచ్చే పద్ధతి

గత పాఠంలో డయల్‌నీ కేసునీ భూతద్దంతో పరిశీలించడం నేర్చుకున్నాం. ఈ పాఠమంతా క్రౌన్ గురించే, అంటే కీ ఇవ్వడానికి తిప్పే పక్క గుండీ. పాత వాచీలో మన చెయ్యి రోజూ పడే భాగం అదొక్కటే.

కీ ఇచ్చేముందు వాచీని చేతి నుంచి తీసేయండి. మణికట్టు మీద ఉంచి తిప్పితే క్రౌన్ పక్కకి లాగినట్టవుతుంది, లోపలి సన్నటి కడ్డీ మీద భారం పడుతుంది. రోజూ ఒకే వేళకి, నెమ్మదిగా తిప్పండి. ఒక చోట గట్టిగా తగులుతుంది. అక్కడ ఆపేయండి, బలం చెయ్యకండి.

'కీ ఎక్కువై వాచీ ఆగిపోయింది' అనే మాట చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పూర్తిగా కీ ఇచ్చినా వాచీ నడవట్లేదంటే చాలాసార్లు కారణం లోపలి నూనె ఎండిపోవడమో, మురికి చేరడమో. స్ప్రింగ్ బలం చివరి చక్రం దాకా అందట్లేదన్నమాట. అది సర్వీసింగ్‌కి ఇవ్వాల్సిన వాచీ. కీ ఎక్కువవుతుందన్న భయంతో రోజూ సగం కీ ఇస్తే ఇంకో చిక్కు: స్ప్రింగ్ సడలేకొద్దీ అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రం ఊపు తగ్గి, టైం తేడా వస్తుంది.

ఆటోమేటిక్‌కి, అంటే చేతి కదలికతో తనే కీ తిరిగే వాచీకి, ఆ ఆగే చోటు ఉండదు. నిండిన స్ప్రింగ్ తను ఉండే డ్రమ్ము గోడ మీద జారిపోయేలా చేస్తారు. ఆగిపోయిన వాచీకి ఇరవై, ముప్ఫై చుట్లు ఇచ్చి పెట్టుకుంటే చాలు.

తేదీ విషయంలో మాత్రం జాగ్రత్త. రోలెక్స్ డేట్‌జస్ట్ 1945లో వచ్చినా, క్రౌన్‌తో తేదీని నేరుగా మార్చే వీలు 1977లో 3035 మెషీన్‌తోనే వచ్చింది. అంతకుముందు డేట్‌జస్ట్‌లలో తేదీ మార్చాలంటే ముళ్లనే తిప్పాలి. నేరుగా మార్చే వాచీల్లో రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా తేదీని ముట్టుకోకండి. అప్పటికే తేదీ మార్చే చక్రాల పళ్లు కలిసి ఉంటాయి, విరగొచ్చు. అందుకని ముళ్లని ముందుకి తిప్పి తేదీ మారే చోటు పట్టుకోండి, అదే అర్ధరాత్రి. ఉదయం ఆరు దాకా తెచ్చి, నిన్నటి తేదీ పెట్టండి. తర్వాత ముళ్లని ముందుకి తిప్పుతూ ఇప్పటి టైముకి రండి.

అభ్యాసం: వారం పాటు రోజూ కీ ఇచ్చే ముందు ఫోన్ టైముతో పోల్చి, తేడా రాసుకోండి. రోజూ ఒకేలా ఉంటే చిన్న సర్దుబాటు చాలు. రోజుకోలా ఉంటే సర్వీసింగ్ కావాలి. ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకి పోతుంటే అయస్కాంతం తగిలి ఉండొచ్చు, అది 4వ పాఠంలో చూద్దాం.