ముందువైపు ఎత్తించిన బండి మొరాయిస్తే: సమస్య - పరిష్కారం

ఉదయగిరి దుర్గం కింది డొంకల్లోనో, గిద్దలూరు అవతల నల్లమల అంచు రాళ్లబాటల్లోనో తిరిగే బండికి ముందువైపు రెండంగుళాలు ఎత్తిస్తే ఆ రోజుకు కంటికి బాగానే ఉంటుంది. అసలు కథ వారం తర్వాత మొదలవుతుంది. గుంత దాటగానే ముందు నుంచి ఠంగుమని చప్పుడు, హైవే ఎక్కితే స్టీరింగ్ నిలవకపోవడం, టైరు ఒక అంచే అరిగిపోవడం. నేను కావలిలో 2014 మహీంద్రా థార్ జీపు నడుపుతున్నాను. కింద రాసినవాటిలో సగం నా బండే నేర్పింది, మిగతావి స్నేహితుల మారుతీ జిప్సీలు, పాత మహీంద్రా జీపుల కింద పడుకుని చూసినవి.

ముందు మీ బండి ఏ జాతిదో తెలుసుకోండి. 2020కి ముందు వచ్చిన థార్ సీఆర్‌డీఈ (డీజిల్ రకం) బండికి ముందు టార్షన్ బార్లు ఉంటాయి. అంటే స్ప్రింగుకు బదులు మెలి తిరిగే పొడవాటి ఉక్కు కడ్డీలు. (మా మెకానిక్ వాటిని టార్చర్ బార్లు అంటాడు, తప్పనలేను.) 2020లో వచ్చిన కొత్త థార్‌కు ముందు కాయిల్ స్ప్రింగులు. జిప్సీకి, పాత జీపులకు ముందు కూడా ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే ఇరుసు, కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు.

గుంత దాటాక ముందు నుంచి ఠంగుమని చప్పుడు, బండి ఎద్దుబండిలా ఎగరడం

టార్షన్ బార్ బండ్లలో ఎక్కువమంది తెచ్చే ఫిర్యాదు ఇదే, నాదీ ఇదే. బార్ చివర ఉండే బోల్టు బిగిస్తే బండి ముందు లేస్తుంది. ఖర్చు లేదు, పావుగంట పని. నేను చూపించిన షెడ్డులో "అన్నా, ఇంకో నాలుగు చుట్లు తిప్పుదామా?" అన్నారు. తిప్పమన్నాను. కొండాపురం రోడ్డులో మొదటి కల్వర్టు దగ్గరే తెలిసొచ్చింది.

బోల్టు బిగిస్తే బార్ గట్టిపడదు. దాని బలం కడ్డీ లావు, పొడవు మీద ఉంటుంది, అవి మారలేదు కదా. మారింది చక్రం నిలబడే చోటు. చక్రానికి పైకీ కిందికీ కదిలే దూరం మొత్తం అంతే ఉంటుంది. బండిని పైకి లేపిన కొద్దీ చక్రం కిందికి వేలాడే దూరం తగ్గిపోతుంది. గుంత రాగానే చక్రం కిందికి దిగబోతే పై చేయి (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే రెండు చేతుల్లో పైది) వెళ్లి స్టాపర్‌కు కొట్టుకుంటుంది, లేదా షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగి ఆగిపోతుంది. ఆ చప్పుడే మీరు వినేది. "సస్పెన్షన్ గట్టిపడింది" అని మనం అనుకునేదీ అదే.

తేల్చుకోవడం సులువు. చదునైన చోట బండి నిలిపి, చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. తర్వాత ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం నేల వదిలేదాకా లేపి మళ్లీ కొలవండి. ఆ తేడానే మీ చక్రం కిందికి దిగగల దూరం. నా లెక్కలో అది రెండంగుళాలకు తగ్గితే ఎక్కువ బిగించినట్టే. నాకు వచ్చింది ముప్పావు అంగుళం.

పరిష్కారం, దించడమే. బండి ముందువైపును జాకీ మీద లేపి బార్ మీద బరువు తీసేశాక మాత్రమే బోల్టు తిప్పండి, లేకపోతే మరలు కొట్టుకుపోతాయి. రెండువైపులా ఎన్ని మరలు బయట ఉన్నాయో ముందే రాసుకోండి. తిప్పాక నాలుగైదు కిలోమీటర్లు నడిపి, బండి కుదురుకున్నాక మళ్లీ కొలవండి. షెడ్డులో జాకీ దించగానే తీసిన కొలతను నమ్మొద్దు. నిజంగా ఎత్తు కావాల్సిందే అంటే పొడవు ఎక్కువున్న షాకులు, కోణం మార్చిన పై చేతులు వేయాలి. అది వేల రూపాయల పని, బోల్టు పని కాదు.

కొత్త థార్‌లో కాయిల్ పైన స్పేసర్ (ఎత్తు కోసం పెట్టే మందపాటి బిళ్ల) పెట్టినా ఇదే బాధ రావచ్చు. అక్కడ షాక్, స్ప్రింగు కలిసి కింది చేతి మీద చక్రానికి లోపలగా కూర్చుంటాయి. అందుకే స్పేసర్ మందం కంటే చక్రం దగ్గర లేచేది ఎక్కువ. అంగుళం స్పేసర్ అంటే అంగుళమే లేస్తుందనుకుంటే మోసపోతారు.

హైవే మీద బండి తిన్నగా పోదు

పదహారో నంబరు హైవేలో లారీ దాటేటప్పుడు రెండు చేతులూ బిగపట్టుకోవాల్సి వస్తోందంటే మొదట అనుమానించాల్సింది టో, అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయా లేదా అన్నది. ఎత్తు మారితే టై రాడ్ల (స్టీరింగ్ నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీల) కోణం మారి, చక్రాల ముక్కులు లోపలికో బయటికో తిరుగుతాయి. ఎత్తించిన రోజే అలైన్‌మెంట్ చేయించాలి. టోతో పాటు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), కాస్టర్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కీలు గీత ముందుకో వెనక్కో వాలడం) అంకెలు కూడా కాగితం మీద అడిగి తీసుకోండి. "సెట్ అయింది సార్" అనే మాట కాగితం కాదు.

టైరును అరచేత్తో తడిమినా కొంత తెలుస్తుంది. బయటి అంచు నుంచి లోపలికి నిమిరితే నున్నగా, లోపలి నుంచి బయటికి నిమిరితే రంపంలా తగిలితే చక్రాలు లోపలికి తిరిగి ఉన్నాయని అర్థం. తారుమారుగా ఉంటే బయటికి. రంపం లేకుండా ఒక్క బయటి అంచే నున్నగా అరిగితే క్యాంబర్ చూడండి.

మలుపులో టకటక

స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టకటకలాడేది సీవీ జాయింట్, అంటే చక్రం ఎటు తిరిగినా ఇంజిన్ బలం అందించే కీలు. ముందు లేచేసరికి ఇరుసు మరింత ఏటవాలై, జాయింట్ మీది రబ్బరు బూట్ (తొడుగు) మడతలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి, చిరుగుతాయి, గ్రీజు పోయి ఇసక చేరుతుంది. బూట్ ఒక్కటే చిరిగి చప్పుడు లేకపోతే బూట్, గ్రీజు మార్చితే చాలు. చప్పుడు మొదలయ్యాక జాయింటే మార్చాలి. ఎత్తు తగ్గించకపోతే కొత్త బూట్ కూడా అదే దారి పడుతుంది.

జిప్సీ, పాత జీపు: అరవై దాటితే స్టీరింగ్ వణుకు

కమాన్ కట్టల బండికి చవకగా ఎత్తు రావాలంటే పొడుగు షాకిల్స్ (కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే పట్టీలు) వేస్తారు. జిప్సీకి ముందు షాకిల్ కట్ట ముందు కొసన ఉంటుంది. అది పొడవైతే కట్ట ముందుకు వాలుతుంది, దానితో ఇరుసూ తిరిగి కాస్టర్ తగ్గుతుంది. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను తిన్నగా రాదు, చిన్న గతుకుకే వణుకు పుడుతుంది.

అయితే కాస్టర్ ఒక్కదాన్నే నిందించకండి, ఎక్కడో ఒక కీలు వదులుగా ఉంటేనే అది వణుకుగా మారుతుంది. చక్రం లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి. ఆట పోతే వీల్ బేరింగ్, పోకపోతే కింగ్‌పిన్ బేరింగ్ (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కీలుది). కుడీ ఎడమా పట్టి ఊపితే టై రాడ్ ఎండ్ల సంగతి తెలుస్తుంది. అన్నీ బాగున్నాకే కట్టకూ ఇరుసుకూ మధ్య వాలు చెక్కలు, అంటే ఉక్కు వెడ్జీలు, పెట్టించండి. స్టీరింగ్ డాంపర్ (స్టీరింగ్ కుదుపును అణిచే షాక్ లాంటిది) వేస్తే వణుకు కొన్నాళ్లు కనబడదు, అంతే.

గతుకు తగిలినప్పుడల్లా స్టీరింగ్ ఒకవైపే లాగితే అది డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు వెళ్లే కడ్డీ) ఏటవాలు వల్ల. వంపు తిరిగిన లింక్ వేసి దాన్ని వీలైనంత అడ్డంగా తేవాలి. ఇరుసును కట్టకు బిగించే యూ బోల్టులు రెండొందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించడం మరవొద్దు. వదులైతే కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరుగుతుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇలాంటి ఒకే ఇరుసు బండిని ఎంత ఎత్తించినా ఇరుసు మధ్య గుండు (డిఫరెన్షియల్) నేలకు అంతే దూరంలో ఉంటుంది. రాయి కొట్టేది దానికే. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి.

చిన్నవి

బండి ఒకవైపు వాలితే ముందు బోల్టు తిప్పేముందు వెనక కట్టలు చూడండి. వెనక ఎడమ కట్ట కుంగితే ముందు కుడివైపు లేచినట్టు కనిపిస్తుంది. చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగ్ రెండువైపులా తిప్పి బ్రేకు గొట్టం సాగుతోందేమో చూడండి. ఇది వాయిదా వేసే పని కాదు. హెడ్‌లైట్లు దించుకోండి, ఎదుటివాడి కళ్లలో కొడుతుంటాయి. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద తేల్చింది కాబట్టి, ఫిట్‌నెస్‌కు వెళ్లేనాటికి పాత విడిభాగాలు ఇంట్లో దాచుకోవడం మంచిది.

మైపాడు, కొత్తపట్నం వైపు రొయ్యల గుంటల గట్ల మీద తిరిగే బండ్లకు వేరే తంటా. ఉప్పునీటి బురద టార్షన్ బోల్టు మరల్లో చేరి తుప్పు పడితే, దించుదామన్నా బోల్టు తిరగదు. బలవంతంగా పానా వేస్తే తెగుతుంది. వైరు బ్రష్‌తో మరలు గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున పావు చుట్టు బిగించి, అర చుట్టు వదిలి, అలా ముందుకూ వెనక్కూ తిప్పుతూ పోండి. వచ్చాక మరలకు గ్రీజు పూసి పాత సైకిల్ ట్యూబు ముక్క తొడిగి కట్టండి.