ఊళ్ళో డాక్యుమెంటరీ వేయాలంటే: ఏది ఎంచాలి, ఎట్టా వేయాలి, ఎట్టా మాట్లాడించాలి

డాక్యుమెంటరీ అనగానే పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది న్యూస్‌రీలు. 1948లో ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ తీసిన చిన్న చిత్రాలను సినిమాకు ముందు హాళ్ళవాళ్ళు తప్పనిసరిగా వేయాల్సి వచ్చేది. జనం ఆ పది నిమిషాలూ బయట బీడీ కాల్చుకుని, అసలు బొమ్మ మొదలయ్యాక లోపలికి వచ్చేవాళ్ళు. ఆ అలవాటు ఇంకా పూర్తిగా పోలేదు. నెల్లూరులోనో, కావలిలోనో, ఒంగోలు పక్క పల్లెలోనో నెలకొకటి వేసి నలుగుర్నీ మాట్లాడిద్దామనుకుంటే ముందు ఈ సంగతి ఒప్పుకోవాలి: అవార్డు వచ్చిందని చెబితే ఎవరూ రారు. తమ పనో, తమ బాధో అందులో ఉందంటే వస్తారు.

కాబట్టి ఎంపికకు ఒకటే కొలత. పని ఊరికి తెలిసినదై ఉండాలి, చోటు తెలియనిదై ఉండాలి. తెర మీద జరిగేదాని గురించి తీసినవాళ్ళకంటే చూసేవాళ్ళలో సగం మందికి ఎక్కువ తెలిసి ఉంటే, దీపాలు వేశాక మాటలకు కరువుండదు. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట సముద్రం మీద తీసినవి, చీమకుర్తి వైపు గనులూ కూలీలూ ఉన్నవి, కనిగిరి, ఉదయగిరి మెట్ట ఊళ్ళల్లో నీళ్ళూ సేద్యమూ ఉన్నవి వెతకండి.

మొదటిసారి వేసేది 45 నిమిషాలు దాటకూడదు. బొమ్మ, మాటలు కలిపి గంటన్నర లోపల ముగియకపోతే ఆఖరి బస్సు వాళ్ళు మధ్యలో లేస్తారు, వాళ్ళ వెనక ఇంకో పది మంది లేస్తారు. ఈ లెక్కకు సరిపోయేది 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' (2022). దాదాపు 40 నిమిషాలు. ముదుమలై అడవిలో అనాథ గున్న ఏనుగును సాకిన బొమ్మన్, బెల్లి దంపతుల కథ. కార్తికి గొన్సాల్వెస్ తీశారు, 2023లో ఆస్కార్ వచ్చింది. మాటలు తమిళంలో ఉంటాయి గనక నెల్లూరు దక్షిణం వైపు ఊళ్ళల్లో సగం అనువాదం చేయక్కర్లేదు. పిల్లలూ ముసలివాళ్ళూ కలిసి చూడొచ్చు. మొదటి నెలకు ఇంతకంటే తేలికైనది దొరకడం కష్టం.

రెండో నెలో మూడో నెలో తీర ప్రాంతంలో 'మై ఆక్టోపస్ టీచర్' (2020) వేయండి. 85 నిమిషాలు, మాటలతో కలిపితే గంటన్నర దాటుతుంది గనక ఆఖరి బస్సు గొడవ లేని చోటే వేయండి. దక్షిణాఫ్రికా తీరంలో ఒకాయన నెలల తరబడి రోజూ చల్లటి నీళ్ళలో దిగి ఒక ఆక్టోపస్‌ను చూస్తూ పోతాడు. పడవ మీద బతికేవాళ్ళు దీనికి కన్నీళ్ళు పెట్టుకోకపోవచ్చు. "రోజూ దిగాడు సరే, ఇల్లెట్టా గడిచిందంట?" అని అడగొచ్చు. ఆ ప్రశ్న వచ్చిందంటే మీ ఎంపిక ఫలించినట్టే. దాన్ని నవ్వి తోసేయకుండా అక్కడి నుంచే మాట ఎత్తుకోండి.

'ఆల్ దట్ బ్రీత్స్' (2022) షౌనక్ సేన్ తీసింది. ఢిల్లీలో మాంజా దారానికి రెక్కలు తెగి పడే గద్దలను ఇంటి నేలమాళిగలో బాగుచేసే అన్నదమ్ముల మీద. మాంసం తినే పక్షి అని పక్షుల ఆసుపత్రి చేర్చుకోకపోతే, వ్యాయామం చేసే రోజుల్లో కండరాల గురించి చదువుకున్న తెలివితో వాళ్ళే వైద్యం మొదలుపెట్టారు. చాలా గొప్పది, చాలా నెమ్మదైనది కూడా. మొదటి ఆర్నెల్లలో వేయొద్దు. కెమెరా చెత్తకుప్ప మీద నిమిషాల తరబడి పాకుతుంటే అలవాటు లేనివాళ్ళు ఫోన్లు తీస్తారు.

'నీరోస్ గెస్ట్స్' (2009) దీపా భాటియా తీసింది. విదర్భ రైతుల ఆత్మహత్యల మీద పాత్రికేయుడు పి. సాయినాథ్ చేసిన పని చూపిస్తుంది. గంటలోపే అయిపోతుంది. కౌలు రైతులున్న ఏ ఊళ్ళోనైనా ఇది గుండెకు తగులుతుంది. అందుకే జాగ్రత్త. ఆ ఊళ్ళో ఈ మధ్య అలాంటి చావు జరిగి ఉంటే ఆ ఏడాదికి దీన్ని పక్కన పెట్టేయండి. చర్చ పేరుతో ఒక ఇంటి దుఃఖాన్ని నలుగుర్లో పెట్టే హక్కు మనకు లేదు.

సిరీస్‌ల సంగతి: 'ప్లానెట్ ఎర్త్' (2006) 11 భాగాలు, 'బ్లూ ప్లానెట్ 2' (2017) 7 భాగాలు. వరసగా వేయాలనే పట్టుదల పెట్టుకోవద్దు. ఇవి కథ సాగే సీరియళ్ళు కావు, ఏ భాగానికా భాగం విడిగా నిలబడతాయి. ఒక్కటి ఎంచి వేసి, మిగతావి ఇళ్ళల్లో చూసుకోమని చెప్పండి.

వాట్సాప్‌లో సిఫారసు రాసేటప్పుడు

"తప్పక చూడాల్సిన అద్భుత చిత్రం" అని రాస్తే చదివినవాడికి ఏమీ తెలియదు. ఐదు సంగతులు రాయండి: పేరూ ఏడాదీ, ఎన్ని నిమిషాలు, మాట ఏ భాషలో ఉంది, అందులో జరిగేదేంటో ఒక్క వాక్యం, ఎవరు చూడకపోతే మేలు. ఆఖరిదాన్నే అందరూ మర్చిపోతారు. 'మై ఆక్టోపస్ టీచర్'కు అయితే ఇట్లా: "2020. 85 నిమిషాలు. ఇంగ్లీషు, తేలిక మాటలే. ఒక మనిషి రోజూ సముద్రంలో దిగి ఒకే జీవిని దాని బతుకంతా గమనిస్తాడు. చివర్లో చావు ఉంది, చిన్నపిల్లలు ఏడుస్తారు." ఇంతే. కథంతా చెప్పేయకుండా, దాచకుండా.

అనుమతి

ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే. దాన్ని గ్రంథాలయంలో నలభై మందికి వేయడం వాళ్ళ షరతులకు విరుద్ధం. కొన్ని డాక్యుమెంటరీలను చదువు కోసం, టికెట్ లేకుండా, లాభం చూసుకోకుండా ప్రదర్శించుకోవచ్చని నెట్‌ఫ్లిక్స్ అనుమతిస్తుంది. మీరు వేయబోయే చిత్రానికి ఆ అనుమతి ఉందో లేదో దాని సైట్లో ముందే చూసుకోండి. బడిలోనో కాలేజీలోనో, అక్కడి సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులకు మాత్రమే వేస్తే 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వెసులుబాటు ఇస్తుంది. రచ్చబండకు ఆ వెసులుబాటు వర్తించదు. మిగతా వాటికి దర్శకులకు మెయిల్ రాయడమే దారి. డబ్బు తీసుకోని చిన్న ప్రదర్శనకు డాక్యుమెంటరీ దర్శకులు ఒప్పుకునే అవకాశం మీరనుకున్నదానికంటే ఎక్కువ. ఫైలు కూడా వాళ్ళే పంపవచ్చు.

మన దేశంలో సినిమా హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు. పాతవి ఎంచుకుంటే ఈ తలనొప్పే లేదు.

తెర, కరెంటు, శబ్దం

ఆన్‌లైన్లో "9000 ల్యూమెన్స్" అని అమ్మే చవక ప్రొజెక్టర్లను నమ్మొద్దు. చూడాల్సిన అంకె ఆన్సీ ల్యూమెన్స్, అంటే ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుతురు. చీకటి గదిలో 8 అడుగుల వెడల్పు బొమ్మకు 2500 నుంచి 3000 ఉంటే చాలు. మామూలు ప్రొజెక్టరుకు బొమ్మ వెడల్పుకు ఇంచుమించు ఒకటిన్నర రెట్ల దూరం కావాలి, అంటే 12 అడుగులు. దాన్ని నేల మీద పెట్టి మూతి పైకెత్తితే బొమ్మ పైన వెడల్పుగా, కింద సన్నగా వస్తుంది. బల్ల మీద స్టూలు వేసి ఎత్తు సరిచేయండి. ఫ్లెక్సు వెనకవైపు వాడితే నిగనిగలాడి మధ్యలో తెల్లమచ్చ పడుతుంది. సున్నం వేసిన గోడ అన్నిటికంటే మేలు. గోడ లేకపోతే ముడతలు లేని దళసరి తెల్ల దుప్పటి. తీరం వైపు సాయంత్రం గాలికి అది తెరచాపలా ఉబ్బుతుంది గనక కింది అంచులో వెదురు బొంగు దూర్చి రెండు కొసలూ తాళ్ళతో బిగించాలి. జనం చాపల మీద కూర్చుంటే తెర కింది అంచు నేలకు మూడున్నర అడుగుల ఎత్తున ఉండాలి, లేకపోతే సబ్‌టైటిళ్ళన్నీ ముందువరస తలల వెనకే.

ఆరుబయట అయితే పొద్దుగూకిన 40 నిమిషాల తర్వాతే మొదలుపెట్టండి: మే నెలలో ఏడుంబావుకు, డిసెంబరులో ఆరున్నరకు.

150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇంటి ఇన్వర్టర్ మీద ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, ఒక స్పీకరు రెండు గంటలు నడుస్తాయి, బ్యాటరీ ముసలిదైతే గంటే. అంత తక్కువసేపే నిలిచినా అది ఉండి తీరాలి. బల్బు ప్రొజెక్టరుకు ఠక్కున కరెంటు పోతే ఫ్యాను ఆగిపోతుంది, వేడి బయటికి పోక బల్బు ఆయుష్షు తగ్గుతుంది. ఆట అయ్యాక కూడా ముందు ఆఫ్ బటను నొక్కి, ఫ్యాను ఆగాకే ప్లగ్గు తీయాలి.

హెచ్‌డీఎంఐ తీగ పెట్టగానే శబ్దం ప్రొజెక్టరులోని చిన్న స్పీకరుకు పోతుంది, పెద్ద స్పీకరు మూగబోతుంది. ల్యాప్‌టాప్ సౌండ్ సెట్టింగులో అవుట్‌పుట్ మార్చాలి. బ్లూటూత్ వాడితే పెదాలు ముందు, మాట వెనక. పిన్ను తీగే వాడండి. తప్పనిసరైతే వీడియో ఆడించే వీఎల్‌సీ ప్లేయర్లో కీబోర్డు మీద జె నొక్కుతూ పోతే మాట 50 మిల్లీసెకన్ల చొప్పున ముందుకొస్తుంది. సబ్‌టైటిళ్ళు ఆలస్యమైతే జి. తెలుగు సబ్‌టైటిళ్ళు డబ్బాలు డబ్బాలుగా కనిపిస్తే సబ్‌టైటిళ్ళ ఫైలును (ఎస్ఆర్‌టీ) యూటీఎఫ్-8 అనే అక్షరాల పద్ధతిలో సేవ్ చేసి, ఫాంటు నోటో సాన్స్ తెలుగు పెట్టండి. యూట్యూబ్‌ను ఫోన్ డేటా మీద నేరుగా వేయొద్దు. రోజుకు 1.5 జీబీ ప్లాను సరిగ్గా సినిమా కీలకంలో ఉన్నప్పుడు అయిపోతుంది, లేదంటే చావు సీను మధ్యలో సబ్బు ప్రకటన వస్తుంది.

ఇవన్నీ ముందురోజు రాత్రి, అదే చోట, అదే తీగలతో పది నిమిషాలు ఆడించి చూస్తే బయటపడతాయి.

భాష

ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు పల్లెలో పనికిరావు. తెలుగు డబ్బింగు దొరికితే అదృష్టం. దొరక్కపోతే ఒక మనిషి మైకు పట్టుకుని చెప్పడమే మార్గం. మన దగ్గర హరికథలకూ బుర్రకథలకూ పుట్టిన గొంతులు ఉన్నాయి గనక ఇది కష్టం కాదు, కాకపోతే సాధన కావాలి. ఆ మనిషి సినిమా రెండుసార్లు చూసి, ఎడమ పక్క నిమిషం, కుడి పక్క చెప్పాల్సిన ముక్క రాసుకోవాలి. ప్రతి లైనూ అనువదించబోతే మూడో నిమిషానికే వెనకబడతాడు. పది పన్నెండు సెకన్లకు ఒక్క మాట చాలు. గద్దకు కుట్లు వేస్తుంటే "ఇప్పుడు అతను గాయపడిన పక్షికి శస్త్రచికిత్స నిర్వహిస్తున్నాడు" అనకూడదు. "రెక్క తెగిందంట, కుట్టేస్తున్నాడు" అనాలి. తెర మీద కనపడుతున్నదాన్ని మళ్ళీ చెప్పకూడదు. ఏడుపు, మౌనం వచ్చినచోట నోరు మూసుకోవాలి. మైకు మాట్లాడేటప్పుడు సినిమా శబ్దం సగానికి దించే మనిషి వేరే ఉండాలి.

మాట

దీపాలు వేయగానే "ఎట్టుంది?" అని అడిగితే "బాగుందబ్బా" అని లేచిపోతారు. రెండు నిమిషాలు ఊరికే ఉండండి. ఆ తర్వాత "ఏ బొమ్మ కళ్ళ ముందు నిలిచిపోయింది?" అని అడగండి. దీనికి తప్పు జవాబు లేదు గనక చదువు లేనివాళ్ళూ నోరు తెరుస్తారు. మాస్టారుకూ సర్పంచికీ మైకు ఆఖర్న ఇవ్వండి. సారు అభిప్రాయం చెప్పేశాక ఆయన ముందు ఇంకోమాట అనేవాడు ఉండడు. ఆడవాళ్ళు వెనక కూర్చుని ఉంటే మాటను అక్కడి నుంచే మొదలుపెట్టండి. సినిమా అయ్యాక చాపలు గుండ్రంగా తిప్పడం చిన్న పని, మొహాలు కనపడితే మాట పుడుతుంది. నెల్లూరు జిల్లాకు ఇది కొత్తేం కాదు. రాత్రి బడుల్లో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళు వాచకంలోని సీతమ్మ కథ మీద మాట్లాడుకున్న మాటలే 1992 నాటి దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరిచ్చాయి.

"ఇది నిజమా, చేయించిందా?" అనే చర్చ ఒక్కసారైనా జరగాలి. దానికి మంచి సరుకు 'నానూక్ ఆఫ్ ద నార్త్' (1922). రాబర్ట్ ఫ్లాహర్టీ ఉత్తర కెనడా మంచు ప్రాంతంలో తీసిన మూకీ. మూకీ గనక భాష గొడవ తక్కువ, మధ్యలో వచ్చే ఇంగ్లీషు రాతలు చదివి చెబితే చాలు. హక్కుల గడువు ఎప్పుడో తీరింది. మొత్తం వేయక్కర్లేదు, మంచు ఇల్లు కట్టి లోపల పడుకునే భాగం పదిహేను నిమిషాలు చాలు. ఆపి ఒక్కటే అడగండి: "కిటికీ ఒక్కటే ఉంది గదా, లోపల ఇంత వెలుతురు ఎక్కడిది?" కాసేపటికి ఎవరో ఒకరు పట్టేస్తారు. నిజానికి కెమెరాకు వెలుతురు చాలక సగం గోడ లేని ఇల్లు కట్టించి లోపలి దృశ్యాలు తీశారు. నానూక్‌గా కనిపించే వేటగాడి అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. తుపాకులు వాడుతున్న రోజుల్లో ఈటెలతో వేట చేయించారు. ఇవన్నీ చెప్పాక "అయితే ఇది అబద్ధమా?" అని వదిలేయండి. అధికారులు వచ్చినప్పుడు పచ్చగా ఉన్న మడి దగ్గరే ఫొటో తీయించుకునే సంగతి ఎవరో ఎత్తుతారు. కొత్త వాటిలోనూ ఈ గొడవ ఉంది: 2011లో బీబీసీ 'ఫ్రోజెన్ ప్లానెట్'లో గుహలో పుట్టిన ధ్రువపు ఎలుగు పిల్లలను చూపిన దృశ్యం నెదర్లాండ్స్‌లోని ఒక జంతు ఉద్యానంలో తీసింది, దాని మీద పెద్ద రగడ జరిగింది.

అరగంటకు, మాట వేడిగా ఉన్నప్పుడే ఆపేయండి. లేచేలోపు మూడు పేర్లు చదివి వచ్చే నెలది చేతులెత్తించి తేల్చండి. పేరు, తేదీ, ఎంతమంది వచ్చారు, ఎంతమంది ఆఖరిదాకా ఉన్నారు, ఏ నిమిషం దగ్గర లేచారు అనేది నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ లేచిన నిమిషాలు నాలుగు నెలలు పక్కపక్కన పెట్టి చూస్తే, మీ ఊరికి ఎన్ని నిమిషాల సినిమా సరిపోతుందో తెలుస్తుంది.