చెర్నోబిల్ జంతువుల వార్త కనబడితే ఎలా చదవాలి

1986లో అణు విద్యుత్ కేంద్రం పేలి రేడియేషన్ వ్యాపించిన చెర్నోబిల్ (ఇప్పటి ఉక్రెయిన్‌లో, బెలారస్ సరిహద్దు దగ్గర) మీద రెండు రకాల వార్తలే తిరుగుతుంటాయి. వింత జంతువులు పుడుతున్నాయని ఒకటి, మనుషులు పోయాక అడవి పచ్చగా కళకళలాడుతోందని ఇంకొకటి. ఏదైనా సరే, షేర్ కొట్టే ముందు కాస్త ఆగండి.

మొదట యూనిట్ చూడండి. రేడియేషన్ డోసు చెప్పే యూనిట్లలో సీవర్ట్ మనిషి కోసం కట్టిన లెక్క, జంతువులకు ఒంట్లోకి ఎంత రేడియేషన్ శక్తి చేరిందో చెప్పే గ్రే కావాలి. గంటకు 5 మైక్రోగ్రేలు అని రాస్తే 24తో గుణించండి, రోజుకు 0.12 మిల్లీగ్రే వస్తుంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ లెక్కలో జింక, ఎలుక, బాతులకు రోజుకు 0.1 నుంచి 1 మిల్లీగ్రే దాకా అంటే పట్టించుకోవాల్సిన పరిధి, తేనెటీగకైతే అది 10 నుంచి 100. ఏ ప్రాణి అని చెప్పకుండా అంకె ఒక్కటే ఇస్తే దానితో ఏం చేసుకుంటాం?

తర్వాత ఆ కొలత ఎక్కడ తీశారో చూడండి, చాలామంది వదిలేసేది ఇదే. నడుమెత్తున రేడియేషన్ మీటర్ పట్టుకుని నడిస్తే వచ్చేది గాల్లో డోసు. రాలిన ఆకుల కింద బొరియలో ఉండే ఎలుకకు చుట్టూ ఉన్న మట్టిలోంచే సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం రేడియేషన్ తగులుతుంటుంది, పైగా పుట్టగొడుగులు తింటే అదే సీజియం కండల్లోకి, అలాంటిదే అయిన స్ట్రాన్షియం-90 ఎముకల్లోకి చేరి లోపలి నుంచి పనిచేస్తుంది, ఇది మీటర్‌కి కనబడదు. తోడేలు ఒకచోట ఉండదు కాబట్టి బెలారస్ వైపు వాటి మెడకు జీపీఎస్‌తో పాటు డోసు కొలిచే పరికరాన్నీ కట్టి చూశారు. అలాంటి కొలతంటే నాకు నమ్మకం.

1986లో ఎర్రబారి చచ్చిన పైన్ చెట్ల ఫొటో పెట్టి ఇప్పటి సంగతి చెబుతుంటే పక్కన పెట్టేయండి. అది ఒక్కసారిగా తగిలిన భారీ డోసు.

ఇక జంతువుల సంఖ్యకూ వాటి ఆరోగ్యానికీ తేడా ఉంది. 2015లో వచ్చిన బెలారస్ అధ్యయనంలో తోడేళ్లు దగ్గర్లోని అభయారణ్యాల కంటే ఏడు రెట్లు ఎక్కువ తేలాయి. వేట, సేద్యం ఆగిపోతే పెరగవా మరి! స్వాలో పిట్టల్లో మాత్రం తెల్ల మచ్చల ఈకలు ఎక్కువని వేరే పరిశోధకులు చూపించారు, దానిమీద వాదనలూ నడిచాయి. నా దృష్టిలో సంఖ్య పెరగడం, రేడియేషన్ హాని రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

చివరగా కాలం. 2022లో అక్కడి చెట్టుకప్పలు బయటివాటి కంటే నల్లగా ఉన్నాయని తేలింది, కానీ ఆ నలుపు ఇప్పటి రేడియేషన్‌తో కాదు, ప్రమాదం నాటి రేడియేషన్‌తో సరిపోయింది.