బిడ్డ రక్తపరీక్ష రిపోర్టు చదవడం, 3వ పాఠం: ఈ ఐజీజీ ఎవరిది?

పోయిన పాఠంలో ఐజీజీ, ఐజీఎం తేడా చూశాం. రెండూ యాంటీబాడీలే, అంటే రోగక్రిములను ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే ప్రోటీన్లు. ఈసారి తల్లి రిపోర్టు, బిడ్డ రిపోర్టు పక్కపక్కన పెట్టుకోండి.

హన్మకొండ ల్యాబ్ నుంచి తెచ్చిన కాగితం మీద పసిబిడ్డకు ‘రుబెల్లా ఐజీజీ పాజిటివ్’ అని ఉంటే రుబెల్లా అనే వైరస్ జబ్బు సోకిందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షనే. కానీ ఆ ఐజీజీ తల్లిదే కావచ్చు.

మాయలో (ప్లాసెంటాలో) తల్లి రక్తం, బిడ్డ రక్తం నేరుగా కలవవు. మధ్యలో కణాల పొర ఉంటుంది. ఆ కణాల్లోని ఎఫ్‌సీఆర్ఎన్ అనే గ్రాహకం ఐజీజీని పట్టుకుని బిడ్డ వైపు చేరవేస్తుంది. ‘ఐజీజీ చిన్నది కాబట్టి దాటుతుంది’ అని కొన్ని నోట్సుల్లో రాస్తారు. నాకది సగం మాటే అనిపిస్తుంది. ఐజీజీ కూడా పెద్ద ప్రోటీనే. దాన్ని మోసే గ్రాహకం ఉంది, ఐజీఎంకు లేదు.

ఈ చేరవేత నాలుగో నెలలో కొద్దికొద్దిగా మొదలై, చివరి నెలలో బాగా జోరందుకుంటుంది. అందుకే నెలలు నిండి పుట్టిన బిడ్డలో ఐజీజీ తల్లికన్నా ఎక్కువున్నా కంగారు పడక్కర్లేదు. ములుగు నుంచో జనగామ నుంచో ఏడో నెలలోనే కాన్పుకు వరంగల్ రావాల్సి వస్తే, ఆ బిడ్డకు అందే వాటా బాగా తక్కువ. కాబట్టి అంకె చూసేముందు ఎన్నో వారంలో పుట్టిందో అడగండి.

బిడ్డలో ఐజీఎం కనిపిస్తే సంగతి వేరు. అది మాయ దాటి రాదు కాబట్టి బిడ్డే తయారుచేసుకుందని అనుమానించాలి. ఈ పరీక్ష పొరపడటమూ ఉంది, తేల్చాల్సింది డాక్టరే.

తండ్రి యాంటీబాడీల సంగతా? వాటికి బిడ్డలోకి దారే లేదు. ఆయన నుంచి వచ్చేవి జన్యువులే. ఆర్‌హెచ్ పేచీ, అంటే తల్లీబిడ్డల రక్తం గ్రూపు పొసగకపోవడం, అక్కడే పుడుతుంది, దానికి వేరే పాఠం ఉంది.

ఇప్పుడు లెక్క. తల్లి ఇచ్చిన ఐజీజీ సుమారు మూడు వారాలకోసారి సగమవుతుంది. పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. హెచ్ఐవీ ఉన్న తల్లికి పుట్టిన బిడ్డకు 18 నెలల్లోపు యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చినా జబ్బు ఉన్నట్టు తేల్చరు. వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతారు.

అభ్యాసం: పుట్టినప్పుడు బిడ్డ ఐజీజీ 80 యూనిట్లు అనుకోండి. తొమ్మిదో వారంలో ఎంత ఉండాలి? అదే ల్యాబ్‌లో, అదే పద్ధతిలో చేసినా 90 వస్తే మీరేమంటారు?