మెదడు నీటి దారులు – నాలుగో పాఠం: బయటికి పోయే తోవలు గీద్దాం

గత పాఠంలో మెదడు లోపలి నాలుగు గదులూ గీసి, సీఎస్‌ఎఫ్ (మెదడు లోపలా చుట్టూ ఉండే తేట ద్రవం) ఎక్కడ ఊరుతుందో గుర్తు పెట్టారు. ఆ బొమ్మ తీయండి. ఆ ద్రవం పుర్రె దాటి ఎలా పోతుందో ఈసారి దాని మీదే గీయాలి.

ముందు రెండు అంకెలు మూలన రాసుకోండి. పెద్దవాళ్లలో ఎప్పుడు చూసినా ఉండే ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు కొత్తగా ఊరేది దాదాపు 500. పుర్రె సాగదు కాబట్టి ఊరినంతా ఎప్పటికప్పుడు బయటపడాల్సిందే. గీస్తున్నంతసేపూ ఇది మనసులో ఉంచుకోండి.

పాత పుస్తకాల్లో కనిపించే దారి ఒకటే. మెదడును కప్పే మూడు పొరల్లో నడిమిదైన లౌతికళ నుంచి పుట్టిన చిన్న చిన్న బుడిపెలు నడినెత్తి కింద ఉన్న పెద్ద సిరలోకి పొడుచుకొచ్చి ఉంటాయి, ద్రవం వాటి గుండా రక్తంలో కలుస్తుంది. నీలం పెన్నుతో ఒక బాణం గీసి ముందుకు సాగండి.

అసలు పని శోషరస నాళాలతో, అంటే ఒంట్లో కణాల మధ్య మిగిలిన ద్రవాన్ని పోగేసి తిరిగి రక్తంలో కలిపే సన్నని గొట్టాలతో. మెదడు కణజాలం లోపల ఇవి లేవు. అందుకే మెదడుకు ఈ వ్యవస్థతో సంబంధం లేదని చాలాకాలం అనుకున్నారు. నిజానికి ఇటలీ శరీర శాస్త్రవేత్త పావ్లో మస్కాన్యీ 1787లోనే మెదడు పొరల్లో ఈ నాళాలను వర్ణించాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2015లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో, ఫిన్లాండ్‌లోని హెల్సింకీలో రెండు బృందాలు వేర్వేరుగా ఎలుకల్లో వాటిని మళ్లీ చూపించాయి. 2017లో ఎంఆర్‌ఐతో మనుషుల్లోనూ కనిపించాయి.

ఇక్కడ ఒక నియమం పెట్టుకుందాం. మనిషిలో చూసినదానికి ఎరుపు నిండు గీత. సాక్ష్యం ప్రధానంగా జంతువుల నుంచి వచ్చినదానికి ఎరుపు చుక్కల గీత. ఈ విషయంలో ఈ తేడా పాటించడం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది, ఎందుకంటే ఎలుకల ఫలితాన్ని మనిషికి అంటగట్టే రాతలు లెక్కలేనన్ని.

నిండు గీత: వరాశిక అనే బయటి పొరలో, పెద్ద సిరలను ఆనుకునే నాళాలు.

చుక్కల గీత: వాసన నరాలు ముక్కు పైకప్పులోని సన్నటి బెజ్జాల ఎముక దాటే చోట, వాటి వెంటే ద్రవం ముక్కు లోపలి శోషరస నాళాల్లోకి దిగుతుంది.

మరి వరాశికకూ ద్రవానికీ మధ్య లౌతికళ అడ్డం కదా, ద్రవం ఎలా దాటుతుంది? ఈ సందేహం వచ్చినవాళ్లు పాఠం సరిగ్గా చదువుతున్నట్టే. మెదడు నుంచి సిరలు పైకి వస్తూ లౌతికళను చీల్చుకునే చోట్ల, సిర చుట్టూ సన్నని సందు ఉంటుందని 2024లో తెలిసింది. బొమ్మలో ఆ చోట చిన్న సున్నా చుట్టండి.

ఇప్పుడు ఒక నాళపు కొసను పెద్దదిగా, విడిగా గీయండి. గోడలోని కణాల అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి, లోపలికి మాత్రమే తెరుచుకునే తలుపుల్లా ఉంటాయి. బయట ద్రవం పెరిగితే తలుపు తోసుకుని లోపలికి వస్తుంది, లోపల ఒత్తిడి పెరిగితే తలుపు మూసుకుంటుంది. కాస్త దిగువన, మెడలోని పెద్ద నాళాల్లో కవాటాలుంటాయి, గోడ కండరాలు కూడా ముడుచుకుంటూ ద్రవాన్ని ముందుకు తోస్తాయి.

ఎరుపు గీతలన్నీ మెడ లోతున ఉన్న శోషరస కణుపులకు (శోషరసాన్ని వడకట్టే చిన్న గింజల్లాంటి వాటికి) చేరాలి. వాటి చోటు మీ ఒంటిమీదే తెలుసుకోవచ్చు. తల కుడివైపు తిప్పితే ఎడమ చెవి వెనక నుంచి కాలరెముక దాకా ఒక కండరం ఉబ్బి కనిపిస్తుంది. దాని కింద, పెద్ద సిర వెంబడే ఈ కణుపులుంటాయి. వేలితో చోటు చూసుకుంటే చాలు, గట్టిగా నొక్కకండి, పక్కనే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని ఉంది. మెడ మసాజ్‌తో మెదడు శుభ్రమైపోతుందనే ప్రచారం వింటుంటాం. మనుషుల్లో అందుకు రుజువు లేదు.

కణుపులు దాటాక శోషరసం కాలరెముక వెనక పెద్ద సిరలో కలుస్తుంది. అక్కడ నీలం, ఎరుపు గీతలు రెండూ రక్తంలోనే తేలాయి కదా, ఆ చోట బాణం పెట్టండి.

అభ్యాసం: బొమ్మ మూసేసి, ఒక చుక్క ద్రవం ఊరిన గది నుంచి కాలరెముక వెనక సిర దాకా దారి కాగితం మీద వాక్యాలుగా రాయండి. చుక్కల గీత మీదుగా వెళ్తే ఆ వాక్యం పక్కన ‘ఎక్కువగా జంతువుల్లో’ అని రాయడం మరవకండి. వచ్చే పాఠంలో మెదడు కణజాలం లోపలి నీరు సీఎస్‌ఎఫ్‌లోకి ఎలా వస్తుందో, నిద్రకు దానితో ఉన్న సంబంధం మీద శాస్త్రవేత్తల మధ్య వాదన ఏమిటో గీద్దాం.