నెలల టెన్షన్ తర్వాత చచ్చిపోయిన ఆసక్తిని తిరిగి తెచ్చుకోవడం ఎలా?

హనుమకొండలో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదివే పిల్లలైనా, పత్తి డబ్బులు చేతికొచ్చేదాకా అప్పుల లెక్కతో నిద్రపట్టని రైతులైనా నా దగ్గర కూర్చుని చెప్పే మాట ఒకటే: "ఏం చేయబుద్ధి అయితలేదు సార్." ఇంట్లోవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. బద్ధకం కానే కాదు.

మెదడు నడిమి భాగంలోని వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా నుంచి న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే మరో భాగానికి డోపమైన్ అనే రసాయనం అందుతుంటుంది. "ఇది చేస్తే బాగుంటది, లే" అని మనల్ని కదిలించేది ఈ దారే. ఒక పూట టెన్షన్ దీన్ని చురుకు చేయవచ్చు. అదే నెలల తరబడి సాగితే, కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు తగ్గక ఈ దారి మందగిస్తుంది. వారాల పాటు చిన్న చిన్న ఇబ్బందులు పెట్టిన ఎలుకలకు తీపి నీళ్ల మీద కూడా మోజు తగ్గుతుంది.

కావలసినవి నోట్‌బుక్, పెన్ను. ఫోన్ యాప్ వద్దు, రాద్దామని తెరిచి రీల్స్‌లో తేలతారు. రోజూ ఒకే వేళకు నిద్ర లేవండి. ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనులు ఓ పది రాయండి. ఇంతవరకు అందరూ బాగానే చేస్తారు.

అందరూ చెడగొట్టేది ఆ తర్వాతే. పనులు రాసుకుని, మనసు వచ్చాక చేద్దామని కూర్చుంటారు. ఆ మనసు రాదు. కావాలనిపించడం, చేస్తుంటే బాగుండటం మెదడులో వేర్వేరు పనులని మిషిగన్ యూనివర్సిటీ శాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ చూపించారు. డోపమైన్‌కు ఎక్కువ సంబంధం మొదటిదానితోనే. నేను చూసినవాళ్లలో ముందు దెబ్బతినేదీ అదే. అందుకే మనసు లేకుండానే మొదలుపెట్టాలి.

పని మాత్రం చిన్నదై ఉండాలి. సర్వపిండి చేయడం ఇష్టమా? ఇంటిల్లిపాదికీ చేయాలని దిగొద్దు. ఒక్క గిన్నెకు సరిపడా పిండి కలిపి, వేళ్లతో గిన్నెకు అద్ది, చిల్లులు పెట్టి, వాటిలో నూనె పోసి మూత పెట్టండి. ఆ రోజుకు అంతే. నడక ఇష్టమైతే వడ్డేపల్లి చెరువు కట్ట మీద పది నిమిషాలు, పొద్దున్నే.

పనికి ముందు, ఎంత బాగుంటుందనుకుంటున్నారో పదికి మార్కు వేయండి. అయ్యాక నిజంగా ఎంత బాగుందో వేయండి. "ముందు 1, తర్వాత 3" అని కనిపిస్తే సంతోషించండి. మెదడు తక్కువ అంచనా వేస్తోందని అక్కడే తెలిసిపోతుంది. మూడేనా అని నోట్‌బుక్ మూలకు పడేసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. రెండుసార్లూ సున్నా వచ్చినా రాయండి, మర్నాడు పనిని ఇంకా చిన్నది చేయండి.

"రెండు రోజులు లక్నవరం తీసుకపోతే అంతా సర్దుకుంటది" అనే చుట్టాల మాట వినకండి. తిరిగొచ్చాక మళ్లీ అదే గది, అదే అప్పు. రోజూ చేసే చిన్న పనే నిలుస్తుంది. డిప్రెషన్‌కు వైద్యంలో వాడే బిహేవియరల్ యాక్టివేషన్, అంటే మనసు కోసం ఆగకుండా పనితోనే మొదలుపెట్టించే పద్ధతీ ఈ దారిలోనిదే.

రెండు వారాలైనా కదలిక లేకపోతే సైకియాట్రిస్ట్‌ను కలవండి. చావాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.