రోళ్ళు పగిలే రోజులు లెక్కగట్టడం ఎలా?

"రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అన్న మాటను వేసవిలో ఏ ఎండకైనా వాడేస్తుంటాం. అసలు సామెత చెప్పేది ఓ పద్నాలుగు రోజుల సంగతే. ఆ తేదీలు మీరే కట్టుకోవచ్చు.

సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. 360 డిగ్రీలను 27 నక్షత్రాలకు పంచితే ఒక్కోదానికి 13.33 డిగ్రీలు. ఏప్రిల్ 14 ప్రాంతంలో మేష సంక్రమణంతో అశ్విని మొదలవుతుంది. అశ్విని, భరణి, కృత్తిక దాటడానికి 41 రోజులు వేసుకోండి: మే 25. అక్కడ రోహిణి మొదలై, జూన్ 8కి మృగశిర వస్తుంది. పంచాంగాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు.

ఎక్కువమంది తప్పేది రెండు చోట్ల. పంచాంగంలో రోజువారీ గడిలో కనిపించే "రోహిణి" చంద్రుడిది, 27 రోజులకోసారి వచ్చి ఒక రోజు ఉండి పోతుంది. దాన్ని కార్తె అనుకోకండి. కార్తె ప్రవేశం విడిగా రాసి ఉంటుంది. రెండో తప్పు, సంవత్సరాన్ని 27తో భాగించి ప్రతి కార్తెకూ 13న్నర రోజులు వేయడం. వేసవిలో సూర్యుడి నడక మందం, 14 రోజుల దాకా పడుతుంది.

ఆ కార్తెలో రోహిణి నక్షత్రం కోసం ఆకాశంలో వెతక్కండి, సూర్యుడి వెలుగులో మునిగిపోయి ఉంటుంది. జనవరి రాత్రుల్లో గొల్లకావడి (ఒరాయన్ నడుము) మూడు చుక్కల వరసను పైకి పొడిగిస్తే ఎర్రగా తగులుతుంది.

మరి రోలే ఎందుకు? రోహిణికీ రోలుకీ "రో" కలిసింది, నోటికి పట్టుకుంది. "రోహిణిలో విత్తనం రోళ్ళు నిండని పంట" అన్న ఇంకో సామెతలోనూ అదే జత. నిజంగా పగులుతుందా అంటే, 40 సెంటీమీటర్ల నల్లరాయి 30 డిగ్రీలు వేడెక్కితే సాగేది మిల్లీమీటరులో పదో వంతే. మంచి రోలుకు అదేం లెక్క కాదు. ముందే సన్న బీట ఉన్న రోలు మీద, అదీ కాలి ఉన్నప్పుడు, చన్నీళ్ళు గుమ్మరిస్తే మాత్రం బీట పెరగొచ్చు.

ఒక మెలిక: నక్షత్రాల లెక్క రుతువులతో పోలిస్తే సుమారు 71 ఏళ్ళకు ఒక రోజు చొప్పున పక్కకు జరుగుతోంది. వెయ్యేళ్ళ కింద రోహిణి ఇప్పటి తేదీల్లో మే 11 దగ్గర పడేది.

ఇదే లెక్క సాగదీస్తే మఖ ఆగస్టు 17కు, పుబ్బ 30కి వస్తాయి. "మఖలో పుట్టి పుబ్బలో పోయినట్టు" అంటే నెల తిరక్కుండానే అన్నమాట.